ఆరు గంటలకి వరుసలో పదకొండు సంచులు

ఎన్నికల డ్యూటీ ఉత్తరం చేతిలో పడగానే ఎవరైనా మొదట చేసే పని తెలిసిన డాక్టరు ఎవరున్నారా అని ఆలోచించడం. నేనూ ఆలోచించాను. మా డాక్టరు గారు నా మొహం చూసి, "నీకేం రోగమమ్మా, గుండ్రాయిలా ఉన్నావు" అని పంపేశారు. చేసేది లేక వెళ్ళాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వెళుతూనే ఉన్నాను.

నేను మిద్నాపూర్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేశాను. పుట్టి పెరిగింది మాత్రం నదికి ఇవతల, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలో. అందరూ దాన్ని ట్రాఫిక్ అనే అంటారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్ళయి మిద్నాపూర్ వెళ్ళాను, అక్కడే ఉద్యోగం, అక్కడే ఓటు. లెక్కలు చెప్పడం గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కొందరు పిల్లలు పాసయ్యారు, కొందరు తప్పారు. నాకు పాఠం చెప్పింది మాత్రం అయిదేళ్ళకి ఒకటి రెండుసార్లు వచ్చే ఆ డ్యూటీయే.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. రైల్వేలో, బ్యాంకుల్లో, ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఆఫీసుల్లో. వాళ్ళకీ ఆ ఉత్తరాలు వస్తున్నాయి. ఫారాలు ఎలా నింపాలో ట్రైనింగులో చెబుతారు. అక్కడ చెప్పనిది, నేను తప్పు చేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

సన్యాల్ బాబు

పోలింగ్ బూత్‌లో నలుగురు ఉంటారు. ఒకరు జాబితాలో పేరు వెతుకుతారు, ఒకరు సంతకం తీసుకుని వేలికి సిరా పెడతారు, ఒకరు మిషను బటన్ నొక్కి ఓటు విడుదల చేస్తారు. వీళ్ళ మీద ప్రిసైడింగ్ ఆఫీసరు. ఆ ఒక్క రోజు ఆ గదికి ఆయనే రాజు. మర్నాడు తప్పు బయటపడితే మొదట నరికేది కూడా రాజు తలనే.

నా మొదటి ప్రిసైడింగ్ ఆఫీసరు సన్యాల్ బాబు అనే హెడ్‌మాస్టరు. చాదస్తం మనిషి. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పేవారు. నేను ఒకామెకి సంతకం తీసుకోకుండానే సిరా పెట్టేస్తే, అందరి ముందూ, "లెక్కల టీచరువి, ఒకటి తర్వాత రెండని తెలీదా?" అన్నారు. ఆ రోజంతా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే పని చేశాను.

సాయంత్రం ఆరు కొట్టేసరికి బయట ఇంకా జనం ఉన్నారు. ఆయన సంతకం చేసిన చీటీలు తీసుకుని వరుస తోక దగ్గరికి వెళ్ళారు. అందరికన్నా చివరి మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, అక్కడి నుంచి ముందుకి నడుచుకుంటూ వచ్చారు. తల దగ్గర మొదలుపెడితే, ముందున్న వాళ్ళకి చీటీ ఇచ్చేలోగా వెనక కొత్తవాళ్ళు చేరుతూనే ఉంటారు. తోక దగ్గర మొదలుపెడితే తలుపు మూసినట్టే. చీటీ ఉన్నవాళ్ళు ఎంత పొద్దుపోయినా ఓటు వేయవచ్చు, చీటీ లేనివాళ్ళకి లేదు.

"పొద్దున ఏడింటికి అందరూ నిజాయితీపరులే" అన్నారాయన పెట్టెలకి సీలు వేస్తూ. "నువ్వెలాంటి దానివో ఆరింటికి తెలుస్తుంది."

నేనేదో ఆయన ధోరణి అనుకుని నవ్వాను.

తువ్వాలు వేస్తే సీటు మనదే

ఇప్పుడు చెప్పబోయేది అర్థం కావాలంటే మా రైల్వే కాలనీ పద్ధతి ఒకటి తెలియాలి.

జనరల్ బోగీలో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు మీద పడేస్తే ఆ సీటు మనదే. మనిషి ఎక్కడానికి పది నిమిషాలు పట్టనీ, ఆ తువ్వాలు తీసి కూర్చునే మగాడు మా వాళ్ళలో లేడు. కుళాయి దగ్గరా అంతే. నా చిన్నప్పుడు మా లైనుకంతా, అంటే మా వరుస క్వార్టర్లన్నిటికీ కలిపి ఒకటే కుళాయి. నీళ్ళు వచ్చే వేళకి గంట ముందే బిందెలు వరుసగా కూర్చునేవి. బిందె లేకపోతే విరిగిన ఇటుక, అదీ లేకపోతే ఎడమకాలి చెప్పు. ఇటుక ఉంటే మనిషి ఉన్నట్టే. మా అమ్మ ఇటుకని ఎవరో పక్కకి జరిపారని మూడు లైన్ల ఆడవాళ్ళు పోగై, సాయంత్రం దాకా జరిగిన పంచాయితీ నాకు బాగా గుర్తు. జరిపినావిడ చివరికి, "తప్పయిపోయింది" అని ఇటుకని తన చేత్తో తిరిగి పెట్టింది.

మా వాళ్ళు ఈ ఊళ్ళో మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. క్వార్టర్లు మారతాయి, డ్యూటీలు మారతాయి, ఈ కట్టుబాటు మాత్రం మారలేదు. బెంగాలీ, ఒడియా, బీహారీ ఇరుగుపొరుగు కూడా దీన్నే పాటిస్తారు.

మిషను ఆగిన మధ్యాహ్నం

రిటైర్మెంటుకి కొద్ది కాలం ముందు ఖరగ్‌పూర్‌లో ఖాళీ అయిన ఒక శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. ఉప ఎన్నిక అంటే తేలిక అనుకోకండి. సాధారణ ఎన్నికల్లో రాష్ట్రమంతా గోల కాబట్టి మీ బూత్ మీద ఎవరి కన్నూ ప్రత్యేకంగా ఉండదు. ఉప ఎన్నికలో ఉన్నది ఒక్క సీటే. రాష్ట్రంలోని కెమెరాలూ నాయకులూ అనుమానాలూ అన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

నా బూత్ ట్రాఫిక్‌లోని ఒక స్కూల్లో పడింది. నలుగురమూ ఆడవాళ్ళమే, ప్రిసైడింగ్ ఆఫీసర్ని నేను. నా ఓటూ ఉద్యోగమూ మిద్నాపూర్‌లో కాబట్టి నన్ను అక్కడ వేయడంలో నిబంధన ప్రకారం తప్పు లేదు. నేను పుట్టిన లైను ఆ స్కూలు గోడకి అవతలే ఉందని డ్యూటీలు పంచే కంప్యూటరుకి ఏం తెలుస్తుంది?

ఎండ మాడ్చేస్తోంది. ఒకటిన్నర దాటాక, వేసిన ఓటు తాలూకు చీటీ అద్దంలో చూపించే మిషను ఆగిపోయింది. సెక్టార్ ఆఫీసరుకి ఫోన్ చేశాను. ఆయన పదో పన్నెండో బూత్‌లు చూసుకునే అధికారి, మర్యాదస్తుడు. "కొత్తది తెస్తున్నాను మేడమ్" అన్నారు. తెచ్చి బిగించేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా వరుస గేటు దాకా పాకింది. ఆవరణలో నీడ లేదు. ఒక గర్భిణి కళ్ళు తిరిగి కూలబడింది.

ఆమెని లోపల కూర్చోబెట్టి బయటికొచ్చి, అందరికీ వినబడేలా తెలుగులో అన్నాను. "సంచులు వరుసలో పెట్టి వరండాలో కూర్చోండి. మీ వంతు ఎక్కడికీ పోదు." తర్వాత అదే బెంగాలీలోనూ, హిందీలోనూ చెప్పాను.

చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. తెలుగు మాట పూర్తయ్యేలోపే సంచులు, గొడుగులు, టిఫిన్ క్యారేజీలు నేల మీద బారుగా కూర్చున్నాయి. మనుషులు నీడలోకి వెళ్ళారు. తోపులాట ఆగిపోయింది. లోపలికి వచ్చి మా మొదటి పోలింగ్ ఆఫీసరు శిఖాతో, "చూశావా, మా కాలనీ వాళ్ళ క్రమశిక్షణ" అని గొప్పలు కూడా పోయాను. శిఖా బ్యాంకు ఉద్యోగి, ఘాటాల్ వైపు పిల్ల. "బాగుంది దీదీ" అని తలూపింది.

పైడమ్మ

నాలుగింటికి మళ్ళీ ఒకసారి వరుస చూడటానికి బయటికి వెళ్ళాను. చివర్లో ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. ముతక చీర, చేతిలో నీలం రంగు ప్లాస్టిక్ వైరు సంచి.

"అమ్మా, తెలుగోళ్ళేనా?" అంది. అవునన్నాను. "మరైతే నా పేరు ఉన్నాదో లేదో ఓపాలి సూడమ్మా. మళ్ళీ ఇంతసేపు నిలబడి, లేదంటే నా పానం పోతాది."

ఆమె పేరు పైడమ్మ. భర్త వర్క్‌షాపులో పనిచేస్తూ పోయాడు. కొడుకు ట్రాక్ మీద పనిచేస్తున్నాడు, క్వార్టరు అతని పేరు మీద ఉంది. ఆమె విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక కార్ఖానా క్యాంటీన్లో వంట చేస్తుంది. పోలింగు సెలవు కార్ఖానాకే గాని కాంట్రాక్టరుకి లేదట, పని ముగించుకుని ఆటోలో సరాసరి వచ్చింది.

అంతకు ముందటి ఎన్నికల నాటికి ఆమె పేరు జాబితాలోంచి తీసేశారు. తల్లి మంచాన పడితే శ్రీకాకుళం వైపు ఊరికి వెళ్ళి నెలల తరబడి ఉండిపోయింది. కొడుకు లైను మీద ఎక్కడో క్యాంపులో ఉన్నాడు. ఓటర్ల జాబితా సరిచూసే మనిషి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ తాళం చూసి, 'ఇల్లు మారిపోయారు' అని రాసుకుని వెళ్ళాడు. అందులో అతని తప్పు కూడా పెద్దగా లేదు. ఓటు రోజున ఇదే స్కూలు నుంచి ఆమెని వెనక్కి పంపేశారు.

"ఎన్నిపాల్లు తిరిగినానో ఆ ఆఫీసుకి. ఓపాలి ఫోటో బాలేదన్నాడు, ఓపాలి రేపు రమ్మన్నాడు. పని మానుకుని తిరిగినాను. మా కోడలంతాది, ఒక్క ఓటుకి ఇంత రభసేటత్తా అని."

"నిజమే కదా, ఎందుకంత పట్టుదల?" అన్నాను.

"ఏటంటావమ్మా, క్వార్టరా, రైల్వేది. కొడుకు ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. ఊరా, బెంగాలోళ్ళది. అక్కడ మా ఊర్లో అడిగితే నువ్వు ఖరగ్‌పూర్ దానివి అంతారు. ఈడ నేనున్నానని సెప్పేది ఆ కాగితమ్ముక్క ఒక్కటే."

లోపలికి వెళ్ళి జాబితా చూశాను. పేరుంది, ఫోటో కూడా ఉంది. వచ్చి చెబితే ఆమె మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో నేనూ కరిగిపోయాను. "నేనూ ట్రాఫిక్‌లోనే పుట్టానమ్మా, ఆ గోడ అవతలే" అన్నాను. ప్రిసైడింగ్ ఆఫీసరు అనకూడని మాట అది. వెనక గుమ్మంలో నిలబడి, తెలుగు అర్థమయ్యే ఇద్దరు పార్టీ ఏజెంట్లు వింటున్నారని నాకు తెలియలేదు.

"అయితే మనోళ్ళే!" అంది పైడమ్మ. "మరైతే అమ్మా, ఇంకో గంటకి నీళ్ళొస్తాయి. కోడలు సంటి పిల్లతో ఉన్నాది. సంచి ఎట్టేసి, రెండు బిందెలు పట్టేసి ఎల్లొచ్చేత్తాను. పరవాలేదా?"

"పెట్టండి, ఏం పరవాలేదు" అన్నాను.

పిల్లలూ, ఈ ఒక్క మాట దగ్గర ఆగండి. నా వృత్తిలో చేసిన పెద్ద తప్పు ఇదే. చెడ్డ మాట కాదు, ఎవరికీ లంచం ఇచ్చే మాట కాదు. కానీ ఆరింటికి నిలబెట్టుకోలేని మాటని నాలుగింటికి ఇచ్చాను. నిబంధనలో ఉన్నది వరుసలో నిలబడిన మనిషి. సంచి గురించి నిబంధనకి తెలియదు. నాకు ఆ సంగతి తెలుసు, తెలిసీ అప్పటి సుఖం చూసుకున్నాను.

ఆరుకి పది నిమిషాలు

ఆ రోజు నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. అయిదుంబావుకి రావలసినవి అయిదు నలభైకి వచ్చాయని తర్వాత తెలిసింది.

అయిదు యాభైకి చీటీల మీద సంతకాలు పెట్టుకుని బయటికొచ్చాను. వరుసలో ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్ళ మధ్య మధ్య, ముఖ్యంగా తోక వైపు, మనిషి లేని సంచులు. లెక్క పెట్టాను. పదకొండు. చివరి నుంచి మూడోది నీలం రంగు వైరు సంచి.

"వీళ్ళంతా ఏరీ?" అన్నాను.

వరుసలో ఉన్న ఒక పెద్దాయన, "నీళ్ళొచ్చినాయమ్మా. ఆడోళ్ళు బిందెలకాడికి పరిగెట్టినారు. వచ్చేత్తారు" అన్నాడు.

కుళాయిలు రెండు లైన్ల అవతల ఉన్నాయి. శిఖా కిటికీలోంచి చూసి నా దగ్గరికి వచ్చింది. "దీదీ, గేటు దగ్గరున్న హోంగార్డుని పంపి పోలింగు మూసేస్తున్నామని గట్టిగా కేక వేయిస్తే సరిపోతుంది కదా? రెండు నిమిషాల్లో వచ్చేస్తారు."

అది సరైన సలహా. ముగింపు వేళ దగ్గర పడిందని ప్రకటించడం మా పనే. ఏ ఒక్కరినో చాటుగా పిలిస్తే తప్పుగాని, వీధంతా వినేలా చెబితే తప్పు లేదు. నేను హోంగార్డు వైపు తిరిగాను కూడా. అప్పుడే ఆ ఇద్దరు ఏజెంట్లలో కళ్ళద్దాలాయన గుమ్మంలోంచి నెమ్మదిగా అన్నాడు.

"దీదీ, ఆ సంచులు మీ తెలుగు వాళ్ళవే కదా?"

అరవలేదు, బెదిరించలేదు. నవ్వుతూనే అన్నాడు. ఇంకో పార్టీ మీసాల ఏజెంటు వెంటనే అందుకున్నాడు. "అయితే ఏమిటి దాదా? మధ్యాహ్నం సంచులు పెట్టుకోమన్నది మేడమే కదా! ఇప్పుడు వాళ్ళని రానివ్వకపోతే నేను ఫిర్యాదు చేస్తాను."

"రానిస్తే నేను చేస్తాను. మేడమ్ ఇక్కడే పుట్టారట. విన్నాం కదా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సెక్టార్ ఆఫీసరుకి ఫోన్ చేశాను. "వరుసలో ఉన్న మనుషులకే చీటీ మేడమ్. మిగతాది మీ నిర్ణయం. చేసింది డైరీలో రాయండి" అని పెట్టేశారు. అయిదు యాభై ఆరు.

శిఖా ఇంకా నా మొహంలోకే చూస్తోంది. "దీదీ, పంపమంటారా?"

నిజం రాస్తున్నాను. ఆ నాలుగు నిమిషాల్లో నేను పైడమ్మ గురించి ఆలోచించలేదు, నిబంధన గురించీ ఆలోచించలేదు. రేపు పేపర్లో, 'తెలుగు అధికారిణి తన వాళ్ళని పిలిపించి ఓట్లు వేయించింది' అని వస్తుందేమో అని ఆలోచించాను. నా పెన్షను గురించి ఆలోచించాను. ఆ సంచులు బెంగాలీ ఆడవాళ్ళవై ఉంటే హోంగార్డుని నిమిషంలో పంపేదాన్ని, ఆ ఏజెంటుకి సమాధానం కూడా గట్టిగానే చెప్పేదాన్ని. నా వాళ్ళవి కాబట్టి పంపలేదు.

"వద్దు" అన్నాను.

ఆరు కొట్టింది. తోక దగ్గరికి వెళ్ళి నిలబడి ఉన్న చివరి మనిషికి ఒకటో నంబరు ఇచ్చాను. అక్కడి నుంచి ముందుకి వచ్చాను. సంచి ఉన్న చోట ఆగకుండా దాటుకుంటూ వచ్చాను. వరుసలోని వాళ్ళు నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డారు. గేటు మూయమని అక్కడ కాపలా ఉన్న కేంద్ర బలగం జవానుకి సైగ చేశాను.

గేటు

వాళ్ళు ఆరూ నాలుగుకి వచ్చారు. పదకొండు మందీ ఒక్కసారే, తడి చీరలతో పరిగెత్తుకుంటూ. మూసిన గేటు చూసి కూడా మొదట వాళ్ళకి అర్థం కాలేదు. తమ సంచులు లోపల కనబడుతూనే ఉన్నాయి మరి.

పైడమ్మ ఊచలు పట్టుకుంది. "అమ్మా, నేనమ్మా! సంచి అదిగో, ఉన్నాది. నీతో సెప్పే ఎల్లినాను కదా."

నా వెనక ఇద్దరు ఏజెంట్లూ నిలబడి ఉన్నారు. నేను బెంగాలీలో, సమయం అయిపోయిందనీ, నియమం ప్రకారం ఇక ఎవరినీ లోపలికి రానివ్వలేమనీ చెప్పాను.

పైడమ్మకి బెంగాలీ రాక కాదు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా బతుకుతున్న మనిషికి రాకుండా ఎలా ఉంటుంది? ఆమె ఊచల మధ్య నుంచి నా మొహంలోకి చూసింది.

"నాతోటి బెంగాలీలో మాటాడతావేటమ్మా?" అంది.

నేను మళ్ళీ బెంగాలీలోనే అదే చెప్పాను.

ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. ఇంకొకావిడ, "పోనీలెద్దూ, వీళ్ళ మాట నమ్మి నిలబడ్డం మనది బుద్ధి తక్కువ" అంటూ పక్కకి తిరిగింది. జవాను బీహార్ కుర్రాడు, ఇబ్బందిగా అటూ ఇటూ చూస్తున్నాడు. వాళ్ళ సంచులైనా వాళ్ళకి ఇవ్వాలి కదా. నేనే ఒక్కొక్కటీ తీసి గేటు మీదుగా అందించాను. నీలం సంచి పైన ఓటరు కార్డు పెట్టి ఉంది, చేతికి అందేలా, పైనే. పైడమ్మ సంచి తీసుకుని కార్డు ఉందో లేదో చూసుకుని వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి కూర్చుంటే శిఖా నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది. నేను తాగలేకపోయాను.

మెచ్చుకోలు

మర్నాడు సెక్టార్ ఆఫీసరు ఫోన్ చేసి, "మీ బూత్ మీద ఒక్క ఫిర్యాదు లేదు మేడమ్, చాలా దృఢంగా నిలబడ్డారు" అన్నారు. తర్వాత ఒక ట్రైనింగులో నన్ను లేపి నిలబెట్టి, ముగింపు వేళ ఎలా ఉండాలో ఈమెని చూసి నేర్చుకోమన్నారు. కొత్తవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ రోజు నోరు విప్పాల్సింది, విప్పలేదు.

గెలిచినాయన మెజారిటీ ముందు పదకొండు ఓట్లు ఒక మూలకి రావు. కొన్నాళ్ళు ఆ మాటతో సర్దిచెప్పుకున్నాను. కానీ పైడమ్మ ఆ ఓటు వేయడానికి తిరిగింది ఎవరినో గెలిపించడానికి కాదని నాకు ఆమే చెప్పింది.

ఫిర్యాదు రాకపోతే తప్పు జరగలేదని కాదు. కొన్ని తప్పులకి ఫిర్యాదు చేయడం ఎలాగో నష్టపోయిన వాళ్ళకి తెలియదు, అంతే. ఇక పక్షపాతం సంగతి. మన వాళ్ళకి మేలు చేస్తే అది పక్షపాతమని అందరూ చెబుతారు. మన వాళ్ళు కాబట్టి, పరాయి వాళ్ళకి చేసే న్యాయం కూడా వాళ్ళకి చేయకపోవడమూ పక్షపాతమే. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఇంటికి దూరంగా వచ్చి నలుగురిలో మంచి అనిపించుకోవాలని చూసే మనలాంటి వాళ్ళు ఇందులో తొందరగా పడతారు. జాగ్రత్తగా ఉండండి.

పనికి పనికొచ్చేది కూడా చెబుతాను. మనుషుల్ని నీడలో కూర్చోబెట్టాలంటే వరుసనే నీడలోకి మళ్ళించండి, సంచుల్ని కాదు. ఏ వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఏ షిఫ్టు ఎప్పుడు దిగుతుందో ముందురోజే కనుక్కోండి. అయిదున్నర నుంచీ ముగింపు వేళని వీధి చివరకి వినబడేలా చెప్పించండి, ఎవరేమన్నా సరే. మీరు పుట్టిన ఊరు ఏదో పోలింగు రోజున ఎవరికీ చెప్పకండి. చెప్పాక ఎవరైనా ఎత్తిపొడిస్తే మాత్రం, "అవును" అని మీ పని మీరు చేయండి.

పైడమ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పావా అని మీరు అడగవచ్చు. చెప్పలేదు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌కి చీరలకి వెళ్ళాను, చేపలకి వెళ్ళాను, ట్రాఫిక్ మీదుగా ఆటోలో కూడా వెళ్ళాను. దిగడానికి మొహం చెల్లలేదు.

సౌజన్య ఫోను

మొన్న శాసనసభ ఎన్నికలకి సౌజన్య అనే అమ్మాయికి మొదటిసారి డ్యూటీ పడింది. వరంగల్ పిల్ల, ఇక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో లైబ్రరీ ఉద్యోగి. తెలిసిన వాళ్ళ ద్వారా నా దగ్గరికి వచ్చి రెండు రోజులు కూర్చుని అన్నీ రాసుకుంది. తీరా చూస్తే ఆమె బూత్ ట్రాఫిక్‌లోని ఆ స్కూలే. నేను సంచుల సంగతి చెప్పలేదు. వరుసనే నీడలోకి మళ్ళించమని మాత్రం చెప్పాను.

పోలింగు అయిన మర్నాడు ఫోన్ చేసింది. గొంతులో అలసట, ఉత్సాహం రెండూ ఉన్నాయి.

"ఆంటీ, అంతా మంచిగైంది. పొద్దున మాత్రం మిషన్ సతాయించింది, గంటన్నర లేట్‌గా మొదలుపెట్టినం. ఒకామె ఉండె ఆంటీ, తెలుగామె. ఆరింటికే వచ్చి అందరికన్నా ముందు నిలబడ్డది. ఎండ కొడుతుందని కుర్చీ తెచ్చి ఏసిన. కూర్చోలే. నడుమల కుళాయిలకు నీళ్ళొచ్చినయట, మిగిలిన ఆడోళ్ళు ఒకళ్ళెనక ఒకళ్ళు పోయొచ్చిన్రు. ఈమె మాత్రం కదల్లే. కోడలు వచ్చి పిలిచినా పోలే. భుజానికి సంచి, అదైనా కింద పెట్టలే. రెండున్నర గంటలు అట్లనే నిలబడ్డది!"

"ఓటు వేసిందా?" అన్నాను.

"ఏసింది. మొదటి ఓటు ఆమెదే. అంతకుముందు నేనే పోయి బతిమిలాడిన ఆంటీ. అమ్మా, కూర్చోండి, మీ జాగా ఎక్కడికీ పోదు, నేను మాట ఇస్తున్న అన్న. దానికి ఆమె ఏమన్నదో తెలుసా?"

"ఏమంది?" అన్నాను.

"ఆఫీసరమ్మ మాట నమ్మి ఓపాలి ఓటు పోగొట్టుకున్నాను తల్లీ, నన్నిలా నిలబడనీ అన్నది. నాకు బాధైంది. నేనట్లాంటి దాన్ని కాదమ్మా అన్న. నువ్వు మంచిదానివే, ఆవిడా మంచిదే అన్నది." ఆ మీదట సౌజన్యే అడిగింది. "ఎవరాంటీ ఆ ఆఫీసరు? మీకు ఎరుకనా?"

తెలుసన్నాను. నా పేరు చెప్పాను.